ఐప్యాడ్‌లో ‘అప్‌డేట్ పూర్తయింది’ అని వచ్చాక చూడాల్సినవి: కొత్త ఫస్ట్ ఆఫీసర్ ప్రశ్నకు సమాధానం

తర్వాత చదివేవారికీ అర్థం కావాలి కాబట్టి మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. మీది చిత్తూరు దగ్గరి పల్లె. ఈ మధ్యే ఒక విమానయాన సంస్థలో ఫస్ట్ ఆఫీసర్‌గా, అంటే కో-పైలట్‌గా చేరారు. సెలవుపై ఇంటికి వచ్చారు. కంపెనీ ఇచ్చిన ఐప్యాడ్ రోజూ ఏదో ఒకటి అప్‌డేట్ చేయమని అడుగుతోంది. ఇంటి దగ్గర నెట్ అంతంతమాత్రం. చార్టులు (విమానాశ్రయాల, విమాన మార్గాల పటాలు) 28 రోజులకొకసారే మారతాయని శిక్షణలో చెప్పారు కదా, డ్యూటీకి వెళ్లే రోజు విమానాశ్రయంలో అన్నీ ఒకేసారి చేసుకుంటే చాలదా, ఒక్కటి తప్పితే నిజంగా ఏమవుతుంది అని అడిగారు. ఐప్యాడ్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ కూడా వచ్చిందని, దాన్ని వేసుకోవచ్చా అని చివర్లో ఇంకో మాట చేర్చారు.

నేను ఉద్యోగ జీవితమంతా ఫ్లైట్ ఆపరేషన్స్ విభాగంలో చార్టులు, మాన్యువళ్లు చూసే పనిలోనే ఉన్నాను. బైండర్ల కాలంలో మొదలుపెట్టి ట్యాబ్లెట్ల కాలంలో విరమించాను. ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాను. మీ ప్రశ్నకు నా జవాబు: చాలదు. నియమం ఒప్పుకోదు కాబట్టి చాలదని అనడం లేదు. మీ ఐప్యాడ్‌లో ఉన్నది ఒక వస్తువు కాదు. ఒక్కొక్కటి ఒక్కో చోట తయారై, ఒక్కో సమయానికి మారే నాలుగైదు వస్తువులు అందులో ఉన్నాయి. అవి ఒకదానితో ఒకటి సరిపోవాలి. మీరు ఎక్కబోయే విమానంలోని కంప్యూటర్‌తోనూ సరిపోవాలి. ఎలక్ట్రానిక్ ఫ్లైట్ బ్యాగ్‌ను (ఈఎఫ్‌బీ, అంటే పైలట్ కాగితం సంచికి బదులు వచ్చిన ఈ పరికరాన్ని) తాజాగా ఉంచడమంటే ఆ సరిపోలికను ప్రతి డ్యూటీకి ముందు మీ కళ్లతో చూసుకోవడం. బటన్ నొక్కడం అందులో చాలా చిన్న భాగం.

కాగితం రోజుల సంగతి కాస్త చెప్పాలి, ఎందుకంటే ఇప్పటి ఇబ్బంది అక్కడినుంచే మొదలవుతుంది. అప్పట్లో రెండు వారాలకొకసారి కవరు వచ్చేది. పలుచని కాగితం మీద అచ్చయిన కొత్త పేజీలు, వాటిపైన ఒక సూచనల పత్రం: ఫలానా పేజీ తీసివేయండి, ఫలానా పేజీ పెట్టండి. పైలట్ బైండరు రింగులు తెరిచి, పాత పేజీ తీసి, కొత్తది పెట్టి, ముందున్న రికార్డు పట్టికలో తేదీ వేసి సంతకం చేసేవారు. విసుగు పుట్టించే పని. కానీ పాత పేజీ ఒక చేతిలో, కొత్త పేజీ ఒక చేతిలో ఉన్నప్పుడు ఏం మారిందో కంటికి తగిలేది. ఎల్రీ జెప్పెసెన్ 1934లో తన చార్టులను అమ్మడం మొదలుపెట్టిన నాటినుంచి దాదాపు 80 ఏళ్లు పైలట్లు ఇలాగే బతికారు. 2013లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన కాక్‌పిట్ల నుంచి కాగితం సంచులను పూర్తిగా తీసేసినప్పుడు ఒక్కో పైలట్‌కు సుమారు 16 కిలోల బరువు తగ్గింది. మన దేశంలోనూ ఆ మార్పు వచ్చింది, రావాల్సిందే. అయితే బరువుతో పాటు పాత పేజీనీ కొత్త పేజీనీ పక్కపక్కన చూసే అలవాటు కూడా పోయింది. ఇప్పుడు మార్పు నిశ్శబ్దంగా జరిగిపోతుంది. ఆ అలవాటును మీరు కావాలని తిరిగి తెచ్చుకోవాలి.

ఇక 28 రోజుల లెక్క. దీన్ని ఎయిరాక్ చక్రం అంటారు. ఒక దేశంలో రన్‌వే, దారి, రేడియో ఫ్రీక్వెన్సీ, అప్రోచ్ (రన్‌వేకు చేరువై దిగే) విధానం వంటివి మారితే ఎవరికి తోచినప్పుడు వారు మార్చకుండా, ప్రపంచమంతా ముందే నిర్ణయించిన తేదీల్లోనే అమల్లోకి తేవాలని 1964లో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఏర్పాటు చేసింది. ఆ తేదీ ఎప్పుడూ గురువారమే. సమాచారాన్ని కనీసం 42 రోజుల ముందు పంపాలి, అమలుకు 28 రోజుల ముందైనా అందరికీ చేరాలి. పెద్ద మార్పులైతే 56 రోజుల ముందే చెప్పడం మంచిదంటారు. మధ్యలో చార్టు కంపెనీలు గీయాలి, విమానంలోని నావిగేషన్ డేటాబేస్ తయారు చేసేవారు కోడ్ రాయాలి, విమానయాన సంస్థ పరీక్షించాలి. ఆ గడువు అందుకే. సంవత్సరానికి 13 చక్రాలు వస్తాయి. 2020లో జనవరి 2న మొదలై డిసెంబర్ 31న కూడా ఒకటి పడడంతో 14 వచ్చాయి. చక్రానికి నాలుగంకెల పేరు ఉంటుంది. 2026 జనవరి 22న మొదలైనది 2601. మీ ఐప్యాడ్‌లోనూ, విమానానికి దారి చూపే ఫ్లైట్ మేనేజ్‌మెంట్ కంప్యూటర్‌లోనూ మీరు పోల్చి చూడాల్సింది చక్రాన్నే. ఒకచోట నాలుగంకెలు, మరోచోట అమలు తేదీలు కనిపించవచ్చు. రెండూ ఒకే చక్రానివై ఉండాలి.

ఇక్కడ మనవాళ్లు పట్టించుకోని చిన్న విషయం ఒకటుంది. మార్పు సాధారణంగా అంతర్జాతీయ సమయం ప్రకారం అర్ధరాత్రి అమల్లోకి వస్తుంది. అంటే మన గడియారంలో గురువారం తెల్లవారి 5.30 గంటలు. ఐదు గంటలకు బయలుదేరి ఆరున్నరకు దిగే విమానాన్ని ఊహించండి. ఎక్కింది పాత చక్రంలో, దిగేది కొత్త చక్రంలో. అందుకే కొత్త చార్టులు ముందుగానే మీకు అందుతాయి. పాతవీ కొత్తవీ కొన్ని రోజుల పాటు పరికరంలో పక్కపక్కనే ఉంటాయి. విమానంలోని కంప్యూటర్ కూడా రెండు డేటాబేస్‌లను ఉంచుకుంటుంది, ఒకటి అమల్లో ఉన్నది, ఒకటి ఎదురుచూస్తున్నది. దాన్ని ఇంజినీర్లు లోపలికి ఎక్కిస్తారు, కాక్‌పిట్‌లో మీరు మారుస్తారు. ఇంజినీరు ఎక్కించడం ఆలస్యమైతే? మీ చార్టు కొత్తది, విమానం పాతది. అలాంటప్పుడు ఏం చేయాలో కంపెనీ ఎంఈఎల్‌లో (ఏది పనిచేయకపోతే ఏ షరతులతో ఎగరవచ్చో చెప్పే జాబితాలో) రాసి ఉంటుంది. సాధారణంగా కొన్ని షరతులతో వెళ్లనిస్తారు, కానీ మీరు వాడబోయే ప్రతి పాయింటునూ తాజా చార్టుతో సరిచూసుకోవాలి. మీ చేతిలోని చార్టూ పాతదే అయితే సరిచూసుకోవడానికి ఏమీ మిగలదు. ‘ఒక్కటి తప్పితే ఏమవుతుంది’ అన్న మీ ప్రశ్నకు మొదటి జవాబు ఇది. ఒకటి తప్పినప్పుడు దాన్ని పట్టుకునేది రెండోది. ఆ రెండోదాన్ని కూడా మనం చెడగొట్టుకోకూడదు.

పాత చార్టు చూస్తే తప్పుగా ఏమీ కనిపించదు, అదే దానిలోని ప్రమాదం. పోయిన సంవత్సరం పంచాంగంలో అచ్చుతప్పు ఒక్కటీ ఉండకపోవచ్చు, అయినా ఈ రోజు తిథికి దాన్ని తెరిచేవారు ఉండరు.

మన రేణిగుంటనే, అంటే తిరుపతి విమానాశ్రయాన్నే తీసుకోండి. మీరు పుట్టి పెరిగిన జిల్లాల విమానాశ్రయం కాబట్టి చార్టు తెరవకుండానే మీకు దారి తెలుసు. 2015 అక్టోబర్ 22న గరుడ టెర్మినల్ ప్రారంభమైన తర్వాత ఇక్కడికి వచ్చే విమానాలు బాగా పెరిగాయి. రన్‌వే తూర్పు పడమరలుగా ఉంటుంది, ఒక వైపు 08, మరో వైపు 26. ఉత్తరాన శేషాచలం కొండలు. తెలిసిన విమానాశ్రయమనే ధీమాతో చార్టును పైపైన చూసే అలవాటు సరిగ్గా ఇలాంటి చోటే మొదలవుతుంది. సెలవులో ఒక సాయంత్రం దాన్ని తెరిచి తీరిగ్గా చూడండి. ముందు పైభాగం: పేజీ తేదీ, అమల్లోకి వచ్చే తేదీ, పేజీ సంఖ్య. జెప్పెసెన్ చార్టుల్లో 10-9 అంటే విమానాశ్రయం నేల పటం, 11తో మొదలయ్యేవి ఐఎల్‌ఎస్ అప్రోచ్‌లు (రన్‌వే దగ్గరి రేడియో సంకేతాల సాయంతో దిగే విధానాలు). తర్వాత నేరుగా పేజీ అడుగుకు వెళ్లండి. అక్కడ ఒక మూలన చిన్న అక్షరాలతో ‘మార్పులు’ అనే వరుస ఉంటుంది. ఈ సంచికలో ఏం మారిందో ఒకటి రెండు మాటల్లో రాస్తారు: కనీస ఎత్తు, టాక్సీవే (విమానాలు నేలమీద రన్‌వేకు వెళ్లివచ్చే దారి) పేరు, ఫ్రీక్వెన్సీ, అడ్డంకి. ఆ ఒక్క వరుస చదవడానికి పది సెకన్లు పడుతుంది. కాగితం కాలంలో రెండు చేతుల్లో రెండు పేజీలు పెట్టుకుని చూసినదానికి ఈనాటి సమానం అదే. అప్రోచ్ దారిలో ఎక్కడో కొత్త సెల్ టవరు లేచిందనుకోండి, రన్‌వే కనిపించకపోతే మీరు దిగకుండా పైకి లేవాల్సిన ఎత్తు పెరగవచ్చు. పాత చార్టులో పాత ఎత్తే ఉంటుంది. మబ్బు పట్టిన కార్తీక మాసపు ఉదయాన ఆ తేడా కాగితం మీది అంకెలా అనిపించదు.

ఇప్పుడు నేను ఎక్కువసేపు మాట్లాడదలచిన విషయం: పెర్ఫార్మెన్స్ అప్లికేషన్. టేకాఫ్‌కు ఎంత వేగం, ఎంత ఇంజిన్ శక్తి, ఎంత బరువు, దిగడానికి ఎంత దూరం అని లెక్కకట్టేది. చార్టులు పాతబడితే ఎవరో ఒకరు గమనిస్తారు, ఎందుకంటే పైన తేదీ ఉంటుంది. పెర్ఫార్మెన్స్ అప్లికేషన్ ఇచ్చే జవాబు మీద తేదీ ఉండదు. ఒక అంకె మాత్రమే వస్తుంది, అది చాలా నమ్మకంగా కనిపిస్తుంది. దాని వెనక మూడు పొరలు ఉన్నాయి. విమానం గురించిన డేటా, విమానాశ్రయాలూ అడ్డంకుల డేటా, లెక్కచేసే ప్రోగ్రాము. ఈ మూడూ వేర్వేరుగా మారతాయి. విమానాశ్రయ డేటాను చాలా సంస్థల్లో సొంత పెర్ఫార్మెన్స్ ఇంజినీర్లే సిద్ధం చేస్తారు. చార్టుల చక్రంతో పాటే అది రావాలని లేదు. రన్‌వే పక్కన పనుల కోసం క్రేను నిలబెడితే, రన్‌వేలో కొంత భాగం మూసివేస్తే, వాళ్లు మధ్యలోనే తాత్కాలిక డేటా పంపుతారు. మీ ఐప్యాడ్ మంగళవారం రాత్రి అడిగిన ‘చిన్న అప్‌డేట్’ అదే కావచ్చు.

మే నెల మధ్యాహ్నం రేణిగుంటలో ఎండ 40 డిగ్రీలు దాటుతుందని మీకు నేను చెప్పనక్కరలేదు. వేడి గాలి పలుచబడుతుంది, రెక్కకు పట్టు తగ్గుతుంది, ఇంజిన్ శక్తి తగ్గుతుంది. అలాంటి రోజు నిండు విమానానికి లెక్కలో పెద్దగా వెసులుబాటు ఉండదు. తిరుపతి విమానాలకు నిండుదనం సంగతి తెలిసిందే కదా. సాయంత్రం చల్లబడ్డాక పాత డేటాతో వెళ్లినా ఏమీ కాకపోవచ్చు. మధ్యాహ్నం రెండు గంటలకు ఆ మాట చెప్పలేం.

ఈ అప్లికేషన్ల విషయంలో ప్రపంచం నేర్చుకున్న పాఠాలు ఖరీదైనవి. 2004 అక్టోబర్ 14న కెనడాలోని హాలిఫాక్స్‌లో ఎంకే ఎయిర్‌లైన్స్ సరకు రవాణా 747 విమానం టేకాఫ్‌లో కూలి ఏడుగురు సిబ్బందీ మరణించారు. అసలు బరువు సుమారు 353 టన్నులు. ల్యాప్‌టాప్ లెక్కలోకి వెళ్లింది అంతకుముందు ప్రయాణపు 240 టన్నులు. పాత బరువు ప్రోగ్రాములో అలాగే ఉండిపోయి కొత్త లెక్కలోకి వచ్చి ఉండవచ్చని దర్యాప్తు తేల్చింది. 2009 మార్చి 20న మెల్‌బోర్న్‌లో ఎమిరేట్స్ ఎ340 విమానానికి 362.9 టన్నులకు బదులు 262.9 అని పడింది. ఒక్క అంకె. తోక రన్‌వేను రాసుకుంటూ, రన్‌వే చివర దాటి విమానం లేచింది. అందరూ బతికి బయటపడ్డారు. ఈ రెండూ అప్‌డేట్ లోపాలు కావు, అంకెల లోపాలు. అయినా మీకు చెప్పడానికి కారణం ఉంది. కొత్త డేటా వేశాక పాత ప్రయాణపు వివరాలు తెరమీద మిగిలిపోయి ఉంటే వాటిని పూర్తిగా తుడిచి మొదటినుంచి నింపండి. ఇద్దరు పైలట్లూ విడివిడిగా లెక్కకట్టి, తర్వాతే పోల్చుకోవాలన్న నియమం ఇలాంటి సంఘటనల వల్లే బలపడింది. ఆ పోలికలో ఇంకో ప్రయోజనం ఉంది. కెప్టెన్ పరికరంలో కొత్త డేటా, మీ పరికరంలో పాత డేటా ఉంటే జవాబులు కలవకపోవచ్చు. అలా కలవనప్పుడు ‘కొద్ది తేడానే కదా’ అని సర్దుకోకండి. ముందు రెండు పరికరాల్లో డేటా వెర్షన్ సంఖ్యలు చూడండి.

మూడోది ఇంకా సున్నితమైనది. 2005 డిసెంబర్ 8న షికాగో మిడ్‌వేలో మంచు కురుస్తుండగా సౌత్‌వెస్ట్ విమానం రన్‌వే దాటి రోడ్డు మీద కార్లను ఢీకొంది. ఒక కారులోని ఆరేళ్ల బాలుడు చనిపోయాడు. పైలట్లు కంప్యూటర్‌లో లెక్కచూసుకునే దిగారు, ఆగగలమనే అది చెప్పింది. అయితే రన్‌వే పట్టు తక్కువగా ఉన్నప్పుడు ఆ ప్రోగ్రాము వెనకగాలిని ఐదు నాట్లకు మించి లెక్కలోకి తీసుకోదు. ఆ రోజు ఉన్నది ఎనిమిది. విమానాన్ని ఆపడానికి ఇంజిన్లు ఇచ్చే రివర్స్ థ్రస్ట్ సాయాన్ని కూడా అది ముందే కలిపి చూపిస్తోంది. ఈ రెండు ఊహలూ తెరమీద వచ్చిన జవాబులో కనిపించలేదు. అందుకే ప్రోగ్రాము కొత్త వెర్షన్ వచ్చినప్పుడు దానితో వచ్చే నోటును దయచేసి చదవండి. ‘లోపాలు సరిచేశాం’ అన్న వాక్యం ఒక్కటే ఉంటే, ఏ లోపాలు అని మీ ఈఎఫ్‌బీ విభాగాన్ని అడగండి. అడిగే హక్కు మీకుంది. అడిగినందుకు చిన్నబుచ్చే విభాగంలో నేను పనిచేయలేదు, ఎవరూ పనిచేయకూడదు. లెక్క పద్ధతి, ముందే కలిపిన ఊహలు మారి ఉంటే అది మీ చేతిలోని విమానం ప్రవర్తనకు సంబంధించిన సంగతి.

మాన్యువళ్ల గురించి తక్కువే చెబుతాను. కంపెనీ ఆపరేషన్స్ మాన్యువల్, ఎంఈఎల్, సర్క్యులర్లకు నిర్ణీత తేదీ ఉండదు, అవసరమైనప్పుడు మారతాయి. ‘చదివాను’ అని నొక్కే చోట నిజంగా చదివే నొక్కండి. ముఖ్యంగా ఎంఈఎల్ సవరణలు, ఎందుకంటే రాత్రి పార్కింగ్‌లో ఇంజినీరుతో మాట్లాడేటప్పుడు ఇద్దరి చేతుల్లో వేర్వేరు సవరణలు ఉంటే వాదన మిగులుతుంది, పని సాగదు.

చక్రాల మధ్యలో వచ్చేవి నోటమ్‌లు, అంటే పైలట్లకు అప్పటికప్పుడు పంపే సూచనలు. ఏ అప్‌డేటూ వీటిని పూర్తిగా భర్తీ చేయదు. రన్‌వే ఈ రాత్రి మూసివేశారన్న మాట చాలా అప్లికేషన్లలో చార్టు మీద ఎర్రగీతగా కనిపించదు, నోటమ్‌ల జాబితాలో ఎక్కడో ఉంటుంది. 2017 జూలై 7న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎయిర్ కెనడా విమానం మూసివేసిన రన్‌వే కారణంగా గందరగోళపడి, నాలుగు విమానాలు వరుసగా ఆగి ఉన్న టాక్సీవే మీద దిగబోయి చివరి క్షణంలో పైకి లేచింది. రన్‌వే మూసివేత గురించిన నోటమ్ వాళ్ల 27 పేజీల పత్రాల్లో 8వ పేజీలో ఉంది. కాబట్టి తాజా చార్టు తెరిచి, పక్కన నోటమ్‌ల నుంచి రన్‌వే, టాక్సీవే, అప్రోచ్ సాయాలకు సంబంధించినవి ఏరి, చార్టు మీదే మీ వేలితో గుర్తు పెట్టుకోండి. చాలా అప్లికేషన్లు రాసుకునే సౌకర్యం ఇస్తాయి. అయితే చార్టు కొత్త సంచిక వచ్చినప్పుడు ఆ రాతలు పోవచ్చు, పోకుండా పాత గుర్తు కొత్త చార్టు మీద మిగిలినా కష్టమే. ప్రతి డ్యూటీకీ కొత్తగా రాసుకోవడం మేలు.

మన ప్రాంతానికి ఇంకో సంగతి ఉంది. ఈశాన్య రుతుపవనాల కాలంలో, అంటే అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, తిరుపతి చెన్నై ఒకే వానలో తడుస్తాయి. 2023 డిసెంబర్ 4న మిచాంగ్ తుపానుకు చెన్నై రన్‌వే నీట మునిగి విమానాశ్రయం మూతపడింది. తిరుపతికి ప్రత్యామ్నాయం చెన్నై అని అలవాటుగా రాసుకునేవారు ఆ రోజుల్లో ఇంకో వైపు చూడాలి. అందుకే గమ్యం చార్టులు ఒక్కటే సరిచూసి వదిలేయకండి. బెంగళూరు, హైదరాబాద్, విజయవాడ, కడప... మీరు వెళ్లే అవకాశమున్న ప్రతి చోటా చార్టులు దిగాయో లేదో చూడాలి. కొన్ని పరికరాల్లో ఎంచుకున్న విమానాశ్రయాల చార్టులే దిగుతాయి. తీరా దారి మళ్లినప్పుడు పైన నెట్ ఉండదు.

ఐప్యాడ్ సాఫ్ట్‌వేర్ సంగతి. కంపెనీ చెప్పేదాకా వేయకండి. ఫోనుకు మంచిది కాబట్టి దీనికీ మంచిదే అనుకోవడానికి లేదు. లోపలి చార్టుల అప్లికేషన్, పెర్ఫార్మెన్స్ అప్లికేషన్ ఆ కొత్త వెర్షన్ మీద సరిగా నడుస్తాయని ముందు ఎవరో పరీక్షించాలి. మంచి విభాగాలు దాన్ని ముందు కొద్దిమంది పైలట్లకిచ్చి, కొన్నాళ్లు చూసి, తర్వాతే అందరికీ వదులుతాయి. చాలా సంస్థలు ఆ బటన్‌ను దూరంనుంచే తాళం వేసి ఉంచుతాయి. మీ దగ్గర అది కనిపిస్తోందంటే బహుశా తాళం గడువు తీరి ఉంటుంది, అంతమాత్రాన అనుమతి వచ్చినట్టు కాదు. ఒక్క ఫోను చేసి కనుక్కోండి.

డేటా సరిగా ఉన్నా పరికరం పడిపోగలదని తెలిపిన రోజు ఒకటుంది. 2015 ఏప్రిల్ 28 సాయంత్రం అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో పదుల సంఖ్యలో విమానాలు ఆలస్యమయ్యాయి. పైలట్ల ఐప్యాడ్లలో చార్టుల అప్లికేషన్ ఒక్కసారిగా ఆగిపోయింది. కారణం వెతికితే, డేటాబేస్‌లో వాషింగ్టన్ రీగన్ విమానాశ్రయానికి చెందిన ఒక చార్టు రెండుసార్లు చేరిందని తేలింది. కొన్ని విమానాలు నెట్ అందేందుకు గేటుకు తిరిగి రావాల్సి వచ్చింది. అప్లికేషన్ తీసేసి మళ్లీ వేసుకుంటే సర్దుకుంది. దీన్నుంచి నేను పట్టుకున్న మాట: కెప్టెన్, ఫస్ట్ ఆఫీసర్ పరికరాలు రెండూ ఒకే అప్లికేషన్, ఒకే డేటా వాడతాయి కాబట్టి ఒకటి ఉందిలే అన్న ధైర్యం అన్నివేళలా చెల్లదు. రిపోర్టింగ్‌కు గంట ముందు ఇద్దరూ ఒకేసారి కొత్తది దించుకోవడం మంచి పద్ధతి కాదు. ముందు రోజే చేయాలి, బాగా నడుస్తోందని చూడడానికి సమయం ఉండాలి. విమానాశ్రయంలో చేసుకుంటాను అన్న మీ ఆలోచనను నేను గట్టిగా వద్దంటున్నది ఇందుకే. సిబ్బంది గదిలో ఇరవైమంది ఒకే వైఫై మీద గుమిగూడినప్పుడు పావుగంట పని గంటైపోతుంది, టైము దగ్గరపడినకొద్దీ చూపు తగ్గుతుంది.

ఊరినుంచి ఎలా చేయాలన్నది మిగిలింది. పల్లెలో సిగ్నల్ సరిగా అందకపోతే చిత్తూరు బంధువుల ఇంటికో, నెట్ బాగున్న స్నేహితుని ఇంటికో రాత్రి వెళ్లి చేసుకోండి. బస్టాండు, రైల్వే స్టేషను, లాడ్జీల ఉచిత వైఫై మాత్రం వాడకండి. 2024లో ఒక భద్రతా పరిశోధన బృందం, విమాన తయారీ సంస్థకు చెందిన ఫ్లైస్మార్ట్ అనే పెర్ఫార్మెన్స్ అప్లికేషన్ నిర్వహణ భాగంలో ఉన్న ఒక లోపాన్ని బయటపెట్టింది. అసురక్షిత వైఫై మీద డేటా దిగేటప్పుడు మధ్యలో ఎవరైనా అంకెలు మార్చే వీలుందని చూపింది. అప్పటికే ఆ లోపాన్ని సరిచేశారు. అయినా డౌన్‌లోడ్ చేసే చోటును ఎంచుకోవడం మీ చేతిలో ఉన్న పనే. ఇంటి వైఫై లేకపోతే మీ ఫోను హాట్‌స్పాట్ వాడండి.

దించేటప్పుడు ఛార్జరు పెట్టి, అప్లికేషన్‌ను తెరిచే ఉంచండి. తెర మూసి పక్కన పడేస్తే కొన్ని అప్లికేషన్లు మధ్యలో ఆగిపోతాయి. పొద్దున చూస్తే సగమే దిగి ఉంటుంది. డౌన్‌లోడ్ కావడం, లోపల అమరడం, ఈ రోజు చెల్లుబాటులో ఉండడం మూడు వేర్వేరు దశలు. మూడోది చూసేదాకా పని కానట్టే. అన్నీ అయ్యాక నేను ప్రతి పైలట్‌కూ చెప్పే పరీక్ష ఒకటుంది: ఫ్లైట్ మోడ్ వేసి, వైఫై కూడా ఆపేసి, అప్లికేషన్‌ను పూర్తిగా మూసి మళ్లీ తెరవండి. రేణిగుంట నేల పటం, ఒక అప్రోచ్, ప్రత్యామ్నాయ విమానాశ్రయం అప్రోచ్, మార్గం పటం తెరవండి. పెర్ఫార్మెన్స్‌లో మీకు బాగా తెలిసిన ఒక లెక్క వేసి చూడండి. ఎంఈఎల్‌లో ఏదో ఒక పేజీ తెరవండి. నెట్ ఉన్నప్పుడు అన్నీ తెరుచుకుంటాయి, ఎందుకంటే లేనిదాన్ని అప్పటికప్పుడు తెచ్చుకుంటాయి. నెట్ లేనప్పుడే మీ దగ్గర నిజంగా ఏముందో తెలుస్తుంది.

పరికరం ఒంటి సంగతి కూడా చూసుకోండి. 35 డిగ్రీల వేడి వరకే వాడాలని, 45 డిగ్రీలకు మించిన చోట ఉంచకూడదని యాపిల్ చెబుతుంది. వేసవిలో అలిపిరి దగ్గర ఎండలో ఆపిన కారు లోపల ఆ రెండూ సులువుగా దాటిపోతాయి. కొండకు వెళ్లేటప్పుడు దాన్ని కారులో వదలకండి, ఇంట్లో బీరువాలో పెట్టి వెళ్లండి. తెర ఏ మూలనైనా కొంచెం పైకి లేచినట్టు కనిపిస్తే బ్యాటరీ ఉబ్బుతోందని అర్థం. దాన్ని ఛార్జి చేయకండి, కాక్‌పిట్‌లోకి తీసుకెళ్లకండి, వెంటనే విభాగానికి చెప్పండి.

మీ సెలవు మధ్యలో ఒక గురువారం దాటుతుందని రాశారు. అయితే తిరిగి వెళ్లే ముందు రెండు రాత్రుల ముందే మొదలుపెట్టండి. ముందు పరికరాన్ని నెట్‌కు కలిపి కంపెనీ నిర్వహణ వ్యవస్థతో ఒకసారి మాట్లాడనివ్వండి, లేకపోతే కొన్ని అప్లికేషన్లు లాగిన్ దగ్గరే ఆగిపోతాయి. తర్వాత అప్లికేషన్ల కొత్త వెర్షన్లు, ఆ తర్వాత చార్టులూ పెర్ఫార్మెన్స్ డేటా, చివర మాన్యువళ్లు. ఈ క్రమం ఎందుకంటే పాత అప్లికేషన్ కొన్నిసార్లు కొత్త డేటాను చదవలేదు. చివర ఫ్లైట్ మోడ్ పరీక్ష. ఏదైనా ఎర్రగా మిగిలితే, ఎంత ప్రయత్నించినా దిగకపోతే, రిపోర్టింగ్ దాకా దాచుకోకుండా ఆ రాత్రే ఈఎఫ్‌బీ విభాగానికి ఫోన్ చేసి పరికరం నంబరు, అప్లికేషన్ పేరు, తెరమీద వచ్చిన వాక్యం ఉన్నదున్నట్టు చెప్పండి. మీ బేస్‌లో విడి పరికరం సిద్ధం చేసి, అందులో మీ డేటా ఎక్కించడానికి వాళ్లకు ఆ రాత్రి సరిపోతుంది. ఉదయం నాలుగు గంటలకు చెబితే సరిపోదు.